రాతి తీరమున ప్రాతఃకాలపు ఈత

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమువఱకు సముద్రమువెంట పోవు బాటపై ప్రయాణము చేయువారికి రెండు విధముల తీరము కానవచ్చును. ఒకటి ఇసుక తీరము, రెండవది రాతి తీరము. ఇసుక తీరమున జనులు షికారు చేయుదురు, బాలురు పరుగులిడుదురు. రాతి తీరమును చూచి దాటిపోవువారే కాని దానిని చదువువారు అరుదు. జీవశాస్త్రము, భౌతికశాస్త్రము, భూగోళము, గణితము అను నాలుగు పాఠములను ఒక్క ఉదయమున ఒక్క చోట నేర్పగల పాఠశాల యేదైన నున్నచో అది ఈ రాతి తీరమే. ఆ పుస్తకమును తెఱచుటకు మూడు సాధనములు చాలును: ఈత నేర్చిన దేహము, ముఖమునకు తగిలించుకొను గాజు మాస్కు, నోట పెట్టుకొను స్నార్కెల్ అను గొట్టము.

అయితే మన తీరమున ఏటేట విద్యార్థులు సముద్రమున బడి ప్రాణములు కోల్పోవుచున్నారు. సెలవునాడు స్నేహితులతో వెళ్లి తిరిగిరాని కుమారునికొఱకు ఏడ్చిన తల్లులు మన యూళ్లలో నున్నారు. కావున ఈ వ్యాసమునందు రెండు సంగతులు ఒకదానినుండి యొకటి విడదీయక చెప్పబడును: నీటిలో ఏమి చూడవలెను? ఎట్లు క్షేమముగా గట్టు చేరవలెను?

1. రాళ్ల సంగతి

ఈ తీరమునందలి రాళ్లలో ముఖ్యమైనది ఖోండలైటు అనునది. తూర్పు కనుమలలో నివసించు ఖోండు జాతివారి పేరిట భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి ఈ నామము నొసగిరి. మిక్కిలి పురాతనకాలమున బురదగా పేరుకొనిన పదార్థము భూమి లోతుననుండు వేడిమికిని ఒత్తిడికిని లోనై ఈ రాయిగా మాఱినది. దీనిని విఱిచి చూచిన ఎఱ్ఱని గింజలవంటివి కనబడును. అవి గార్నెట్ అను ఖనిజము. అలలు ఈ రాతిని ఒఱయగా ఒఱయగా రాలిన గార్నెట్ గింజలును, మఱికొన్ని నల్లని బరువైన ఖనిజములును ఇసుకలో గలసి అచటచట ఎఱ్ఱని చాళ్లుగను నల్లని చాళ్లుగను ఏర్పడుచున్నవి. మంగమారిపేటయొద్ద సముద్రము శిలను తొలిచి తోరణమువలె నిలిపినది. రాయి గట్టిదే, నీరు మెత్తనిదే. అయినను నీటికి కాలమనెడి సహాయమున్నది.

మృదువైన భాగములు అరిగి, గట్టి భాగములు నిలిచి, నడుమ పగుళ్లును గుంటలును ఏర్పడినవి. ఈ గుంటలే సముద్రజీవులకు ఇండ్లు. ఇసుక నిత్యము కదలుచుండును గనుక దానిపై పట్టు దొరకదు. రాతిపై పట్టు దొరకును. ఇసుక తీరమున కనబడని జీవులు పెక్కు రాతి తీరమున నుండుటకు ఇదియే కారణము.

2. కాలనిర్ణయము

సముద్రమునకు ఋతువులు గలవు. నైరృతి ఋతుపవనకాలమున, అనగా జూన్ మొదలు సెప్టెంబరువఱకు, కెరటములు ఉగ్రముగా నుండును. అక్టోబరు మొదలు డిసెంబరువఱకు తుపానుల భయము. నదుల వఱదనీరు బంగాళాఖాతమున గలసి నీరు కలకబారియుండును. ఫిబ్రవరి, మార్చి మాసములలో నీరు సాధారణముగా తేటపడి నెమ్మదిగా నుండును. నేర్చుకొనువారికి అది తగిన కాలము.

దినమునందు ఉదయమే యేల శ్రేష్ఠము? పగలు సూర్యునివేడిమికి నేల త్వరగా కాగును, సముద్రము మెల్లగా కాగును. నేలపై గాలి వేడెక్కి పైకి లేవగా, సముద్రముమీది చల్లని గాలి ఆ స్థానమునకు వచ్చును. ఇదియే సముద్రపు గాలి. ఇది సాధారణముగా ప్రొద్దెక్కిన పిమ్మట బలపడి నీటిని చెదరగొట్టును. రాత్రి నేల త్వరగా చల్లారుటచేత గాలి నేలనుండి సముద్రమునకు వీచును. తెల్లవాఱునప్పటికి తీరమునొద్ద నీటిమట్టము ఎక్కువగా చదునుగా నుండును. కాని సూర్యోదయ సమయముననే దిగుట వ్యర్థము. సూర్యుడు దిగువ నున్నప్పుడు కిరణములు ఏటవాలుగా పడి, వెలుగులో చాలభాగము నీటి పైభాగమునుండియే పరావర్తనము చెందును. క్రింద చీకటిగా నుండును. ప్రొద్దు కొంత యెక్కి, గాలి యింకను లేవకయున్న వేళ, అనగా ఏడు గంటలకును తొమ్మిది గంటలకును నడుమ, వెలుగును శాంతమును రెండును లభించును.

మూడవది ఆటుపోటులు. మన తీరమున దినమునకు రెండు పోటులు, రెండు ఆటులు వచ్చును. ఒక పోటునుండి మఱియొక పోటునకు సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. కావున నేడు ఉదయము 7 గంటలకు నీరు మిక్కిలి తగ్గియున్నయెడల రేపు ఇంచుమించు 7 గంటల 50 నిమిషములకు తగ్గును. అమావాస్యకును పౌర్ణమికిని దగ్గఱి దినములలో సూర్యచంద్రుల ఆకర్షణ యేకమగుటచేత నీరు ఎక్కువగా పెరిగి ఎక్కువగా తగ్గును. అష్టమి దినములయందు ఈ తేడా తక్కువ. విశాఖపట్టణమున పెద్ద పోటుల దినములలో ఈ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. అది ఒక బాలుని యెత్తు! దిగునప్పుడు మోకాలిలోతున్న చోటు తిరిగివచ్చునప్పటికి మెడలోతు కావచ్చును. కావున ఆటుపోటుల పట్టికను చూడక బయలుదేరరాదు. 1999లో హైదరాబాదున స్థాపింపబడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము పెద్ద కెరటములను గూర్చి హెచ్చరికలను ప్రకటించుచున్నది. దానిని కూడ చూడవలెను. పట్టిక చూచిన పిమ్మట గట్టుననున్న వృద్ధజాలరిని సమీపించి, "తాతా, ఈ దినము నీరెట్లున్నది?" అని అడుగవలెను. ఆయన వలదనినచో ఆ దినమునకు పాఠము గట్టుపైననే.

3. మాస్కు చేయు పని

నీటిలో కనులు తెఱచినచో సమస్తమును మసకగా కనబడును. దానికి కారణము మన కంటి నిర్మాణమే. వెలుగు కంటిలో ప్రవేశించునప్పుడు వంగుటలో ఇంచుమించు మూడింట రెండువంతులు కంటి ముందున్న కార్నియా అను పారదర్శకమైన పొరయొద్ద జరుగును. అది గాలిలో మాత్రమే. నీటికిని కార్నియాకును వక్రీభవనగుణమునందు భేదము స్వల్పము గనుక, నీరు కంటికి తగిలినప్పుడు ఆ వంపు దాదాపుగా పోవును. మాస్కు కంటియెదుట కొంత గాలిని నిలుపును. ఆ గాలియే మరల మనకు చూపునిచ్చును.

కాని ఈ చూపులో నొక మోసమున్నది. వెలుగు నీటినుండి గాలిలోనికి వచ్చునప్పుడు వంగుటవలన వస్తువు దాని దూరములో నాలుగింట మూడువంతుల దూరముననే యున్నట్లు తోచును. మూడింట నొకవంతు పెద్దదిగా కనబడును. నాలుగడుగుల దూరమునున్న చేప మూడడుగులలో నున్నట్లు తోచును. మన చేయి దానిని అందుకొనబోయి రిక్తముగా తిరిగి వచ్చును. రంగులును మాఱును. నీరు ఎఱ్ఱని కిరణములను ముందుగా హరించును గనుక, లోతునకు పోవుకొలది ఎఱుపు తగ్గి, పచ్చదనమును నీలమును మిగులును.

మాస్కు ముక్కును కూడ కప్పవలెను. కనులకు మాత్రమే యుండు ఈత కళ్లద్దములు పైపై ఈతకు సరిపోవును కాని లోతునకు తగవు. పది మీటర్ల లోతున నీటి ఒత్తిడి ఒక వాయుభారమంత అధికమగును. ఒక మీటరు దిగినను తేడా చెవులకు తెలియును. ముక్కు మాస్కులో నున్నచో కొద్దిగా గాలి నూది లోపలి ఒత్తిడిని సరిచేయవచ్చును. చెవి నొప్పిపుట్టినయెడల వెంటనే పైకి రావలెను. నొప్పిని ఓర్చుకొనుట ధైర్యము కాదు.

4. గొట్టము చేయు పని

నీటిలో గొట్టముచే ఊపిరి పీల్చుట నేటి కల్పన కాదు. గ్రీకు తత్త్వవేత్తయగు అరిస్టాటిల్ క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున, నీట మునుగువారు ధరించు శ్వాససాధనములను ఏనుగు తొండముతో పోల్చియున్నాడు. నది దాటునప్పుడు ఏనుగు తొండము పైకెత్తి గాలి పీల్చుటను మనమెఱుగుదుము గదా. స్నార్కెల్ అను పేరు మాత్రము రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మను జలాంతర్గాముల గాలిగొట్టమునకు వాడిన మాటనుండి వచ్చినది.

గొట్టము పొడవుగా నున్నచో లోతునుండి కూడ ఊపిరి పీల్చవచ్చునుగదా యని తెలివిగల విద్యార్థి అడుగును. పీల్చలేము. దీనికి రెండు లెక్కలు గలవు.

మొదటి లెక్క: సాధారణముగా ఒకసారి పీల్చు గాలి సుమారు 500 మిల్లీలీటర్లు. అందులో 150 మిల్లీలీటర్లు గొంతులోను శ్వాసనాళములలోను నిలిచి ఊపిరితిత్తుల లోపలి గదులకు చేరకయే వెడలును. గొట్టపు వ్యాసము 2 సెంటీమీటర్లు, పొడవు 40 సెంటీమీటర్లు అయినచో దానిలో సుమారు 125 మిల్లీలీటర్ల విడిచిన గాలి నిలిచి మరల లోపలికి వచ్చును. 500లో ఈ రెండును పోగా మిగిలిన క్రొత్తగాలి 225 మిల్లీలీటర్లు. గొట్టము ఒక మీటరైనచో అందు 314 మిల్లీలీటర్లు నిలుచును. మిగులునది 36 మిల్లీలీటర్లు మాత్రమే! మనము పీల్చుచునే యుందుము, కాని విడిచినదానినే పీల్చుచుందుము.

రెండవ లెక్క: ఒక మీటరు లోతున ప్రతి చదరపు సెంటీమీటరుపైనను నీరు 100 గ్రాముల బరువు మోపును. రొమ్మున 500 చదరపు సెంటీమీటర్లు మాత్రమే లెక్కించినను అది 50 కిలోగ్రాములు. గొట్టములోని గాలి పైగాలితో సమానమైన ఒత్తిడిలోనే యుండుటచేత లోపలినుండి దానికి ఎదురు నిలుచునది లేదు. ఆ బరువును ఎత్తుచు ప్రక్కటెముకల కండరములు ఎంతసేపు ఊపిరి పీల్చగలవు?

కావున గొట్టము పొట్టిగా నుండవలెను. ఊపిరి నెమ్మదిగను దీర్ఘముగను తీయవలెను. ఒకసారికి 1000 మిల్లీలీటర్లు పీల్చినచో 275 పోయినను 725 మిల్లీలీటర్ల క్రొత్తగాలి దొరకును. తొందరపడి చిన్న చిన్న ఊపిరులు తీయువానికి గాలి చాలదు. గాలి చాలనికొలది వాడు మఱింత తొందరపడును. నీటిలో భయము ప్రాణాంతకమగుట ఇట్లే.

5. రాతిపై అంతస్తులు

నీటిమట్టమునుండి క్రిందికి చూచినచో జీవులు అంతస్తులుగా కాపురముండుట తెలియును. పోటునకు మాత్రమే తడియు పైయంతస్తున బార్నకిల్ అను తెల్లని చిన్న గోపురములును, సన్నని నత్తలును ఉండును. బార్నకిల్ గుల్లలో నున్నను నత్తజాతి కాదు. పీతకును రొయ్యకును చుట్టము. శైశవమున స్వేచ్ఛగా ఈది, తగిన చోటు దొరకగనే తల క్రిందుగా రాతికి అంటుకొని, శేషజీవితమంతయు కాళ్లతో ఆహారమును నోటిలోనికి త్రోసికొనుచు గడుపును. చార్లెస్ డార్విన్ 1846 మొదలు 1854వఱకు ఎనిమిదేండ్లు ఈ యల్పజీవులనే పరిశోధించెను. మనము కాలితో త్రొక్కి దాటిపోవు దానిలో ఒక విద్వాంసునికి ఎనిమిదేండ్ల చదువు దొరకినది.

నడిమి యంతస్తున ఆల్చిప్పలును, చిన్న టోపీవంటి గుల్లగల లింపెట్ అను నత్తలును ఉండును. లింపెట్ నీరు తగ్గినప్పుడు రాతిని గట్టిగా పట్టుకొని తడి ఆరిపోకుండ కాచుకొనును; నీరు వచ్చినప్పుడు బయలుదేరి నాచును గీకి తినును. లింపెట్లలో పెక్కుజాతులు మేత ముగిసిన పిమ్మట తమ స్వస్థలమునకే తిరిగివచ్చును. వీని పండ్లు ప్రకృతిలో తెలిసిన పదార్థములలోనెల్ల అత్యంత దృఢమైనవని 2015లో ఇంగ్లండునందలి పరిశోధకులు వెల్లడించిరి. మన వాల్తేరు రాళ్లపై లింపెట్లను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్ర పండితులు శ్రద్ధగా పరిశీలించి వ్యాసములు వ్రాసియున్నారు.

ఎల్లప్పుడు నీరుండు క్రింది యంతస్తున సంపద యెక్కువ. పువ్వువలె విచ్చి, ముట్టిన ముడుచుకొను సీ అనిమోన్ జంతువేకాని పుష్పము కాదు. దాని రేకులలో చేపపిల్లలను కుట్టి చంపు విషకణములున్నవి. ముండ్ల బంతివంటి సీ అర్చిన్ నోట ఐదు పండ్లుగల యంత్రమున్నది. దానిని ప్రప్రథమమున వర్ణించినవాని పేరిట నేటికిని అరిస్టాటిల్ దీపమని పిలుచుచున్నారు. ఖాళీ గుల్లను ఇల్లుగా జేసికొని మోసికొనిపోవు సన్యాసి పీత, పసుపు వీపును ఐదు నల్లని పట్టెలును గల సార్జెంట్ మేజరు చేప, గోధుమరంగు నాచుపొదలు, స్పంజికలు, ఇవన్నియు నిలుకడగా తేలువానికి కనబడును. కాళ్లు కొట్టుకొనువానికి కలకనీరు మాత్రమే కనబడును.

6. అపాయములు, ఉపాయములు

మొదటిది వెనుకకు లాగు ప్రవాహము. కెరటములు గట్టునకు తెచ్చిన నీరు ఏదో యొక సన్నని త్రోవగుండ మరల సముద్రములోనికి వేగముగా పోవును. రాళ్ల ప్రక్కను ఇట్టి త్రోవలు తఱచు. ఇరుప్రక్కల కెరటములు విఱుగుచుండ నడుమ నొకచోట విఱుగక ప్రశాంతముగా నుండి, నురుగును మట్టియు లోపలికి పోవుచున్నచో అది మృత్యుమార్గమని యెఱుగుడు. తెలియనివాడు అచటనే నీరు నెమ్మదిగా నున్నదని దిగును! అందు చిక్కినయెడల గట్టువైపు పెనుగులాడరాదు. తేలియుండి, గట్టునకు సమాంతరముగా ఈది, ప్రవాహము దాటిన పిమ్మట గట్టునకు మఱలవలెను.

రెండవది, మునుగుచున్న స్నేహితుని రక్షింప నుఱుకుట. దీనివలన ఒకనికి బదులు ఇద్దఱు ముగ్గురు పోయిన సందర్భములు గలవు. త్రాడు, ఖాళీ డబ్బా, కఱ్ఱ, తేలునదేదైనను విసరుడు. కేకవేసి జాలరులను పిలువుడు. ప్రేమ చేతులతో మాత్రమే కాదు, బుద్ధితోను పనిచేయవలెను.

మూడవది, ఎక్కువసేపు మునుగవలెనని ముందుగా గబగబ ఊపిరి తీయుట. ఊపిరి కావలెనని మనకు తెలియజేయునది ముఖ్యముగా దేహమున పెరుగు బొగ్గుపులుసు గాలి. గబగబ ఊపిరితో దానిని ముందే వెడలగొట్టినచో, ప్రాణవాయువు తఱిగినను హెచ్చరిక రాదు. వాడు బాధయు తెలియకయే స్మృతి తప్పి మునుగును. ఇది మంచి ఈతగాండ్రను కూడ చంపినది.

నాలుగవది, విషజీవులు. కోన్ గుల్ల అందమైనది. దానిలోని నత్త విషపుములుకు గుచ్చును. రాయివలె కదలక యుండు రాతిచేప ముల్లు ఘోరమైన బాధ కలిగించును. సముద్రపు పాములు విషసర్పములు. కావున దేనిని ముట్టరాదు, చెప్పులు లేక రాతిపై నడువరాదు. ముల్లు గ్రుచ్చుకొన్నచో ఓర్వగలిగినంత వేడినీటిలో ఆ యవయవమును ఉంచి, వెంటనే వైద్యునియొద్దకు పోవలెను.

ఐదవది చలి. నీరు గాలికంటె ఇంచుమించు ఇరువదియైదు రెట్లు వేగముగా దేహపు వేడిమిని హరించును. వణకు మొదలైనచో పాఠము ముగిసినదని అర్థము. అన్నిటికిని మించిన నియమము: ఒంటరిగా ఎన్నడును దిగరాదు, ఇద్దఱు నీటిలో నుండగా ఈత తెలిసిన పెద్దవాడొకడు గట్టున నిలిచి చూచుచుండవలెను.

7. చూచుటయు తీసికొనుటయు

ఇంగ్లండున ఫిలిప్ హెన్రీ గాస్ అను భక్తుడగు ప్రకృతి శాస్త్రజ్ఞుడు (1810-1888) ఉండెను. ఆయన బ్రదరన్ సంఘమునకు చెందినవాడు. డెవన్ తీరపు రాతిగుంటలను గూర్చి 1853లోను, గాజుతొట్టెలలో సముద్రజీవులను పెంచుటను గూర్చి 1854లోను గ్రంథములు ప్రకటించెను. సృష్టికర్త హస్తకౌశలమును జనులు చూచి స్తుతింపవలెననియే ఆయన యుద్దేశము. గ్రంథములు మిక్కిలి ప్రసిద్ధికెక్కెను. చదివినవారు బుట్టలును ఉలులును చేతబట్టి తీరమునకు వచ్చిరి. ఎవరికి దొరకినది వారు ఇంటికి తీసికొనిపోయిరి. ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో తన గ్రంథమున, ఆ గుంటల సౌందర్యమంతయు ఇట్లు దోపిడియై నశించెనని దుఃఖముతో వ్రాసెను. స్తుతించుటకు పిలువగా దోచుకొనుటకు వచ్చిరి.

ఇది మనకును పాఠమే. గవ్వ అందముగా నున్నదని తెచ్చినచో, అందు నత్త లేకున్నను, రేపు ఇల్లు వెదకు సన్యాసి పీతకు ఇల్లు లేకుండ చేసితిమి. రాయి తిరుగవేసి చూచి అట్లే విడిచినచో, దాని క్రింద తడిలో దాగిన జీవులు ఎండకు చచ్చును. పైనున్న నాచు చీకటికి నశించును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పగడపు జీవులకును, నీటి గుఱ్ఱములకును, కొన్నిజాతుల గుల్లలకును రక్షణ కలదు. చట్టము లేని చోటను మర్యాద కలదు. పరుని యింటికి చూడబోయినవాడు వస్తువులు మూటగట్టుకొని రాడు గదా.

విద్యార్థులారా! తీరమునుండి తెచ్చుటకు తగినవి రెండే గలవు: కాగితముపై గీసిన బొమ్మ, తేదీయు వేళయు వేసి వ్రాసిన వివరము. అవి ఎవరికిని నష్టము కలిగింపవు. పదియేండ్లు ఒక్క గుంటను విడువక చూచి వ్రాసినవాని నోటుపుస్తకము ఏ విద్వాంసునికైనను పనికివచ్చును.

అభ్యాసము

1. గొట్టపు వ్యాసము 2 సెంటీమీటర్లు, పొడవు 50 సెంటీమీటర్లు. ఒకసారి పీల్చు గాలి 800 మిల్లీలీటర్లైనచో క్రొత్తగాలి యెంత?

2. నేడు ఉదయము 6 గంటల 30 నిమిషములకు నీరు మిక్కిలి తగ్గినది. ఎల్లుండి ఉదయము ఎన్ని గంటలకు తగ్గును?

3. మాస్కుగుండ చూచినప్పుడు సీ అర్చిన్ 60 సెంటీమీటర్ల దూరమున నున్నట్లు తోచినది. నిజముగా ఎంత దూరమున నున్నది?

4. మీ యూరి జాలరులలో నొక పెద్దను కలిసి, నీటి గుణమును తెలిసికొనుటకు ఆయన చూచు గుర్తులను అడిగి ఐదింటిని వ్రాయుడు. వానిలో ఈ వ్యాసమున చెప్పనివెవ్వి?